వెనక చక్రాలు

మా నాన్న ఎడమ పాదం తీసేశాక డాక్టరు నన్నే పక్కకి పిలిచి మాట్లాడాడు. ఇంట్లో ఇంగ్లీషు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"చక్కెర జబ్బు ఇంతటితో ఆగితే అదృష్టమే. కుడికాలు గట్టిగానే ఉంది. కర్రపాదం పెట్టుకుని నడుస్తాడు. చెరుకు పని మాత్రం ఇక వద్దు."

"చెరుకు పని కాదండీ. టాక్సీ నడుపుతాడు."

"మరింకేం? కూర్చుని చేసే పనేగా. ఎడమ కాలితో అవసరమేముంటుంది?"

ఆయన కారు ఎప్పుడూ డ్రైవరే నడిపి ఉంటాడు. "క్లచ్చి తొక్కాలండీ" అన్నాను. డాక్టరు తల ఊపి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

అది 1966 జూలై. నేను వాల్తేరులో బి.ఎస్సీ. ఫిజిక్సు ముగించుకుని బొంబాయి ఓడలో మా దీవికి తిరిగొచ్చి అప్పటికి నాలుగు నెలలు. మా ఊరు కాంప్ ద మాస్క్ తెలుగువాళ్ళ ఇళ్ళలో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదటిదాన్ని. నన్ను ఓడ ఎక్కించింది సర్కారు స్కాలర్‌షిప్పే అయినా, అంతవరకు చదివించింది మాత్రం నాన్న టాక్సీ. నల్ల మోరిస్ కారు, 1955 నాటిది. ఫ్లాక్ ఊరి టాక్సీ స్టాండులో ముందు నుంచి మూడో చోటు నాన్నది. నాన్న పేరు జగన్నాథమని ఎవరికీ తెలియకపోయినా 'మూడో నంబరు' అంటే అందరికీ తెలుసు.

టాక్సీ లైసెన్సులిచ్చే ఆఫీసు నుంచి మరుసటి ఏడు మొదట్లో ఉత్తరం వచ్చింది. 1967 డిసెంబరు లోపల బండి, డ్రైవరు కలిసి పరీక్షకు రావాలి. రాకపోతే స్టాండులో చోటు ఎదురుచూసేవాళ్ళలో మొదటివాడికి పోతుంది. ఉత్తరం నేనే చదివి చెప్పాను. నాన్న అరుగు మీద కూర్చుని, కర్రపాదం తోలుపట్టీ విప్పి మళ్ళీ కట్టుకుంటూ విన్నాడు. అప్పటికి ఆరునెలలుగా ఆయన పని రోజూ పొద్దున్నే కారు కడగడం, సీటులో కూర్చుని ఇంజిను ఆడించి, ఆపేసి దిగడం. అంతకంటే ఏమీ లేదు.

"ఒంటికాలి కొంగ చోటు ఎవడికిస్తారని స్టాండులో పందాలు కాస్తన్నారంట" అన్నాడు నాన్న. నవ్వాడు కూడా. అమ్మ నవ్వలేదు.

మా ఇంట్లో మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన దీవి భాష. మధ్యలో చెరుకు పనికి ఓడెక్కి వచ్చిన తాతల నాటి తెలుగు ముక్కలు పడుతుంటాయి. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

నేను నాన్నని బస్సులో ఫీనిక్స్ తీసుకెళ్ళాను. అక్కడ ఫిలిబెర్ అనే క్రియోల్ మెకానిక్ ఉన్నాడు. మా మోరిస్‌ని పన్నెండేళ్ళుగా చూస్తున్నది అతనే. నాన్న కాలు చూసి అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కి మానియేర్, ఎలా ఉన్నావు జగనాతం? నీకంటే ముందు నీ బండి పోతాదనుకున్నా."

"అది పోదు. దానికి నాలుగు కాళ్ళు" అన్నాడు నాన్న.

ఫిలిబెర్ అప్పుడే ఉపాయం చెప్పేశాడు. స్టీరింగు కింద గేరు కర్ర ఉంది కదా, దాని పక్కనే సైకిలు బ్రేకులాంటి ఇంకో కర్ర పెడతాడు. చేత్తో నొక్కితే క్లచ్చి దిగుతుంది. రెండు రోజుల పని. పోర్ట్ లూయీలో యుద్ధంలో కాలు పోయిన ఒకాయనకి అలాగే చేసిచ్చాడట, ఇప్పటికీ నడుస్తోందట.

నాన్న ఆ చేతికర్ర ఉండబోయే చోటును వేలితో తడిమి చూసుకున్నాడు. "అయితే చేసెయ్" అనబోతున్నాడని నాకు తెలుసు. నేను అడ్డుపడ్డాను.

"ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గేరు. మూడో చెయ్యేదీ? ఎక్కినవాళ్ళు భయపడరా? పరీక్ష చేసే ఆఫీసరు ఊరుకుంటాడా?"

"ఒకే చేత్తో రెండు కర్రలూ పట్టచ్చు, మామ్‌జెల్. అలవాటైపోతాది."

షెడ్డు మూల వెనక భాగం నుజ్జయిన నీలం కారొకటి కనిపించింది. చెరుకు లారీ గుద్దిందట. ఎవరో ఎస్టేటు ఇంజినీరు భార్యది. లోపలికి తొంగి చూశాను. కాళ్ళ దగ్గర రెండే పెడళ్ళు ఉన్నాయి. బ్రేకు, యాక్సిలరేటరు. క్లచ్చి లేదు.

"అది ఆటోమేటిక్" అన్నాడు ఫిలిబెర్. "గేర్లు అదే మార్చుకుంటాది. అదీ మోరిస్సే. కొత్తది. ఇంజిను మాత్రం మీదాని తోబుట్టువే."

"అయితే ఆ గేరుబాక్సు మా బండికి పడుతుందా?"

ఫిలిబెర్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "పట్టించచ్చు. పట్టించాలంటే కింద దూలం జరపాలి, వెనక్కెళ్ళే షాఫ్టు కొయ్యాలి, అడుగు రేకు కొట్టాలి. చేస్తాను. కానీ విను. మీ ఇంజిను ముసలిది. ఉన్న బలంలో కొంత అది మింగేస్తాది. ఇంకోటి, నేను బిగించగలను గానీ దాని లోపల ఏముందో నాకు తెలీదు. అది పాడైతే విప్పేవాడు ఈ దీవిలో నాకు కనబడలేదు. చేతికర్ర విరిగితే ఇంకో కర్ర పెడతాను. ఇది అలా కాదు."

నేను సంచీలోంచి నోటుపుస్తకం తీసి లెక్క వేశాను. ఇంజిను బలం ఎంత, బరువు ఎంత, కార్చే మిలితేర్ కొండదారి ఎత్తు ఎంత అని. ఎక్కుతుందని తేలింది. లెక్క తప్పు కాదు, ఇప్పుడు చూసినా తప్పు లేదు. అందులో రాయనివి నాకు తెలియవు, అంతే.

నాన్న అతని మొహం, నా మొహం మార్చి మార్చి చూశాడు. "గుంట చదివింది. అది చెప్పిందే చెయ్యి" అన్నాడు.

పని నాలుగు నెలలు పట్టింది. నేను రోజ్ హిల్‌లో బళ్ళో పాఠాలు చెప్పి, శనివారాలు ఫీనిక్స్ వెళ్ళేదాన్ని. పాత గేరుబాక్సు దింపి, కొత్తది జాకీ మీద ఎత్తినప్పుడు అది నాలుగంగుళాలు పొడుగొచ్చింది. దూలానికి కొత్త రంధ్రాలు పొడిచారు. షాఫ్టుని చక్కెర మిల్లు వర్క్‌షాపులో లేతు మీద కోసి, అతికించి, తూకం సరిచూసి తెచ్చారు. నాన్న ప్రతిసారీ వచ్చి, కర్రపాదం చాపుకుని తలకిందులు చేసిన బకెట్టు మీద కూర్చునేవాడు. ఎవరు ఏ పానా అడిగినా ముందే అందించేవాడు. అన్నీ అయ్యాక ఫిలిబెర్ డబ్బాలోంచి నూనె పోశాడు. ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంది.

"ఇదే దీని రక్తం. రంగు మారితే నా దగ్గరికి రావద్దు. పాద్రీ దగ్గరికి పో" అన్నాడు.

నీలం కారు సొరుగులో ఇంగ్లీషు పుస్తకం దొరికింది, ఆ గేరుబాక్సు ఎలా వాడాలో చెప్పేది. నాన్నకి ఇంగ్లీషు, ఫ్రెంచి రావు. తెలుగు అక్షరాలు మాత్రం వచ్చు. భజన పాటల కోసం రామదాసు తాత దగ్గర నేర్చుకున్నాడు. రామదాసు తాత మా గుడి భజన గుంపుకి పెద్ద. అందుకని నేను ఆ పుస్తకం మొత్తం తెలుగు అక్షరాల్లో, ఇంట్లో మాటల్లో, రూళ్ళ నోటుపుస్తకంలో రాశాను. పైన 'శ్రీరామ' అని పెట్టాను. గేరు కర్ర ఎక్కడ ఉంటే బండి ముందుకు పోతుంది, ఎక్కడ ఉంటే వెనక్కి, నిలిపేటప్పుడు ఎక్కడ, దిగుడులో ఎక్కడ, నూనె ఎలా చూడాలి. ఆఖరి నాలుగు కాగితాల మీద శీర్షిక 'బండి చెడిపోతే' అని రాశాను.

పరీక్షకి ముందు శనివారం బండికి పూజ చేశాం. రామదాసు తాత వచ్చారు. బానెట్టు మీద పసుపు కుంకుమ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. నా నోటుపుస్తకం కూడా బానెట్టు మీద పెట్టమన్నాడు నాన్న, బండితోబాటు దానికీ పూజ కావాలని. తాత కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పారు. ఆయన మురిసిపోవడం చూశాను. ఆయన నేర్పిన అక్షరాలతో మోటారు పుస్తకం తయారైంది మరి. ఆఖరి పేజీల దగ్గర ఆగారు.

"ఇదేటమ్మా, వసంతీ?"

"చెడిపోతే ఏం చెయ్యాలో, తాతా."

"శ్రీరామ అని మొదలెట్టి చెడిపోతే అని ముగిస్తావా? దీన్ని దేవుడి ముందు పెడతన్నాం. ఇలాటి మాట పూజలో ఉండకూడదు తల్లీ."

అమ్మ వెనకనుంచి అంది, "తీసెయ్యే. కాలు పోయింది చాలదా? మళ్ళీ చెడిపోతే అని చదువుతాడా ఆయన?"

తీసేశాను. ఆ నాలుగు కాగితాల్లో ఉన్నది, బండి ఆగిపోతే దాన్ని ఎలా లాగించుకుపోవాలన్నదే ఎక్కువ. ఇంజిను ఆగి ఉండగా గేరుబాక్సులో నూనె తిరగదు. అందుకని ఇంజిను ఆగిన బండిని దొర్లించకూడదు, లాగేటప్పుడు వెనక చక్రాలు ఎత్తి లాగాలి. అంతే. మా నాన్నకి ఇది ఎందుకు పనికొస్తుంది అనుకున్నాను. కాగితాలు జాగ్రత్తగా చింపి, మడిచి, నా ఫిజిక్సు పుస్తకంలో పెట్టుకున్నాను. పేజీలు ఊడొచ్చిన చోట కుట్టుదారం వదులైంది. నాన్న దాన్ని గోటితో బిగించాడు.

పరీక్ష గట్టెక్కింది. ఆఫీసరు పక్కన కూర్చుని, నాన్న కర్రపాదం వైపు చూసి, "నీ ఎడమ కాలు ఏం చేస్తోంది?" అని అడిగాడట. "సెలవులో ఉంది మస్యే" అన్నాడట నాన్న. ఈ ముక్క ఆ వారమంతా ఇంటికి ఎవరొచ్చినా చెప్పాడు.

నవంబరు ఆఖరున మూడో నంబరు స్టాండుకి తిరిగొచ్చింది. స్టాండులో డ్రైవరు గోవిందు కారు చుట్టూ తిరిగి, "కొంగ కాదు, దొరసాని" అన్నాడట. "రెండు పెడళ్ళ దొరసాని." నెలన్నర పాటు నాన్న పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. శనివారాలు రామదాసు తాతని, హార్మోనియాన్ని, తాళాలవాళ్ళని ఎక్కించుకుని మోకా వైపు ఇళ్ళకి భజనలకి తీసుకెళ్ళేవాడు. తినేటప్పుడు మాట్లాడడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఏడాదిన్నర ఆయన తినేటప్పుడు మాట్లాడలేదని అప్పుడే గమనించాను.

జనవరి మధ్యలో ఒకరోజు కార్చే మిలితేర్ ఎక్కుతుంటే ఇంజిను అరిచింది గానీ బండి కదల్లేదు. నాన్న గేరు కర్రని అన్ని చోట్లా పెట్టి చూశాడు. ఎక్కినవాళ్ళు దిగి బస్సు పట్టుకున్నారు. నలుగురు కలిసి బండిని రోడ్డు పక్కకి తోశారు. ఎవరో ఫిలిబెర్‌కి కబురు చేశారు. నేను బడి నుంచి అక్కడికి వెళ్ళేసరికి అతను కింద పడుకుని నూనె దింపుతున్నాడు.

గిన్నెలో పడ్డది ఎర్రగా లేదు. కాలిన కాఫీలా ఉంది, వాసన కూడా అలాంటిదే. అతను దాన్ని వేళ్ళ మధ్య నలిపి నాకు చూపించాడు. ఇత్తడి పొడి మెరుస్తోంది.

"దీన్ని ఎవరు లాగారు?" అన్నాడు.

"ఎవరూ లాగలేదు" అన్నాడు నాన్న.

"లాగకపోతే ఇలా అవదు. ఎండిపోయి తిరిగింది ఇది. చాలా దూరం తిరిగింది."

"ఎవరూ తాకలేదయ్యా. నేనే నడిపాను, ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే అంటే?"

నాన్న చెప్పాడు. అందరికీ తెలిసిన మాట చెబుతున్నట్టు చెప్పాడు. కార్చే మిలితేర్ దాటి దిగుడు మొదలవగానే గేరు కర్ర మధ్యకి తోసి ఇంజిను ఆపేస్తాడు. అక్కణ్ణుంచి కాంప్ ద మాస్క్ దాకా బండి దానంతటదే దొర్లుతుంది. కింద చదును రాగానే తాళం తిప్పుతాడు. ఈ మోరిస్‌కి ముందున్న బండి నాటి నుంచి, ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నదే. ఫ్లాక్ డ్రైవర్లంతా చేసేదే. పెట్రోలు మిగులుతుంది. "ఈ బాక్సుతో ఇంకా సులువు" అన్నాడు. "క్లచ్చి లేదుగా. శనివారాలు ఇంజిను చప్పుడు లేకుండా చెరుకు తోటల మధ్య దొర్లుతుంటే రామదాసు తాత అక్కడే పాట ఎత్తుకుంటాడు. ఎంత బాగుంటాదో."

నాకు ఈ సంగతి తెలియదు. అమ్మకి భయమని, మేం ఎక్కినప్పుడు ఆయన ఇంజిను ఆపేవాడు కాదు. ఇరవయ్యేళ్ళ ఆయన పని నేను చూసింది మేం కారులో ఉన్నప్పుడే.

ఫిలిబెర్ లేచి చేతులు తుడుచుకున్నాడు. నన్నే చూశాడు. "పుస్తకంలో లేదా, మామ్‌జెల్?"

నాన్న నా బదులు అన్నాడు, "పుస్తకం మొత్తం చదివాను. నోటికొచ్చు. ఎక్కడా లేదు."

ఇంకో గేరుబాక్సు ఇంగ్లండు నుంచి రావాలి. వచ్చినా బిగించేవాడు ఉండడు. ఫిలిబెర్ ఏప్రిల్‌లో పెళ్ళాం పిల్లలతో ఆస్ట్రేలియా ఓడ ఎక్కుతున్నాడు. "మార్చిలో స్వతంత్రం వచ్చి జెండా మారాక ఇక్కడ మాలాంటి క్రియోల్ వాళ్ళు ఏమవుతారో తెలీదు" అన్నాడు, మొహం పక్కకి తిప్పి. పోనీ ఆ క్లచ్చి చేతికర్రే పెట్టమని అడిగాను. అది పాత గేరుబాక్సు ఉంటేనే పనిచేస్తుంది, అదెక్కడుందని అడిగాడు. దాన్ని నేనే పాత ఇనుము వాళ్ళకి ఇచ్చేయించాను, షెడ్డులో అడ్డంగా ఉందని.

ఆ వారం ఆదివారం. నాన్న అరుగు మీద నోటుపుస్తకం ముందేసుకుని, మొదటి పేజీ నుంచి వేలు పెట్టి మళ్ళీ చదువుతున్నాడు. ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కుంటున్నాడు. మూడోసారి మొదటి పేజీకి వచ్చినప్పుడు నేను లోపలికెళ్ళి ఫిజిక్సు పుస్తకంలోంచి ఆ కాగితాలు తెచ్చాను.

"నాన్నా, ఇవి పూజ రోజు తీసేశాను."

అమ్మ గుమ్మంలో నిలబడింది. కాగితాలు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న కాగితాలు మోకాలి మీద సాపు చేసుకున్నాడు. భజన పాట చదివినట్టే చదివాడు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ. ఇంజిను ఆగి ఉండగా దొర్లించకూడదు అన్న చోట వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి ఆ వాక్యం ఇంకోసారి చదివాడు. తర్వాత మిగతాదంతా కూడా చదివాడు, ఒక్క ముక్క వదలకుండా.

"నన్ను తిట్టు నాన్నా" అన్నాను.

"ఎందుకు? బాగానే రాశావు. తెలిసేటట్టే ఉంది." కాగితాలు వరసగా పేర్చి, "ఆ చేతికర్ర అయితే దొర్లించినా ఏమయ్యేది కాదేమో" అన్నాడు. నిందించే గొంతు కాదది, లెక్క సరిచూసుకునే గొంతు. నేను అవునన్నాను.

సూది దారం అడిగాడు. నాలుగు కాగితాలనూ వాటి చోట పెట్టి తనే కుట్టాడు. సన్నగా, దగ్గర దగ్గరగా, సీటు గుడ్డ కుట్టినట్టు.

స్టాండులో చోటు ఫిబ్రవరిలో గోవిందు బావమరిదికి వెళ్ళింది. గోవిందే వచ్చి చెప్పాడు, టోపీ చేతిలో పట్టుకుని. ఆ రోజు అతను దొరసాని అనలేదు, కొంగ అనలేదు. అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు.

బండిని ముందు చక్రాల కోసం, ఇంజిను కోసం టేర్ రూజ్‌లో రొట్టెల వ్యానున్న ఒకాయన అడిగాడు. ఇచ్చేశాం. మార్చి రెండో వారంలో లారీ వచ్చింది. దారి పొడుగునా కొత్త జెండా రంగుల కాగితాలు కడుతున్నారు. ఎదురింటి చైనా కొట్టు మీద కూడా కట్టారు. లారీ అతను దిగి, మోరిస్ ముందు బంపరుకి గొలుసు వేయబోయాడు.

"అలా కాదు" అన్నాడు నాన్న అరుగు మీంచి.

"ఏటి, తోంతోన్?" అన్నాడతను, పెద్దవాళ్ళని పిలిచే క్రియోల్ మాటతో.

నాన్న ఊతకర్ర పట్టుకుని దిగి వచ్చాడు. చంకలో నోటుపుస్తకం ఉంది. "తిప్పి నిలబెట్టు. వెనక చక్రాలు ఎత్తి లాగాలి. ఆటోమేటిక్ ఇది."

లారీ అతను నావైపు చూసి నవ్వాడు. "తోంతోన్, ఇది చచ్చిపోయిన బండి. ఎలా లాగితే ఏంటి? గేరుబాక్సు అక్కడికెళ్ళగానే ఊడదీసి పారేస్తారు."

"రాసుంది" అన్నాడు నాన్న. పుస్తకం తెరిచి ఆ పేజీ అతని ముందు పెట్టాడు. అతను ఆ అక్షరాలని చూశాడు. ఒక్కటీ తెలియదు.

"ఇదేం భాష?"

"మా అమ్మాయి రాసింది."

అతను నిట్టూర్చి లారీ తిప్పాడు. అరగంట పట్టింది. మోరిస్ వెనక భాగం నేల మీంచి లేచింది. నాన్న వంగి రెండు చక్రాల కిందా చెయ్యి పోనిచ్చి చూశాడు, నేలకి తగలడం లేదు కదా అని. తర్వాత పక్కకి జరిగి చెయ్యి ఊపాడు. బండి వెనక్కి తిరిగి, మా వైపు మొహం పెట్టుకుని, ముందు చక్రాల మీద వెళ్ళిపోయింది.

నోటుపుస్తకం బండితో పంపాలని నాన్న అనుకున్నాడు. కొన్నాయన చదవలేడని గుర్తొచ్చి ఆగిపోయాడు.